ముందు తిట్లు, తర్వాత సంతకం

అప్పు ఎగ్గొట్టినవాణ్ణి తిట్టడం ఎవరైనా చేస్తారు. మా సంపూర్ణమ్మగారు అప్పు పుట్టకముందే తిడతారు. అదీ అప్పు తీసుకునేవాణ్ణి కాదు, వాడికి హామీ సంతకం పెడతానని ముందుకొచ్చిన పుణ్యాత్ముణ్ణి. వాళ్ళ ఇంటికే వెళ్ళి, గేటు ముందు నిలబడి, వీధి చివరి ఇంట్లో ముసలాయనకి కూడా వినబడేలా తిట్టి వస్తారు. అంతా విన్నాక కూడా ఆ మనిషి పెన్ను అడిగితే, అప్పుడు సంతకం పెట్టనిస్తారు. ఈ కార్యక్రమానికి ఆవిడ పెట్టుకున్న పేరు రిహార్సల్.

గుణదలలో కుట్టుపనివాళ్ళం, చిల్లర వ్యాపారులం కలిసి నడుపుకుంటున్న పొదుపు సంఘానికి ఆవిడ సెక్రటరీ. నేను కమిటీ మెంబర్ని. కుట్టుమిషన్లు బాగుచేసుకునే నన్ను కమిటీలోకి ఎందుకు తీసుకున్నారని చాలామంది అడుగుతుంటారు. నాకు స్కూటరుంది, ఆవిడకి లేదు. అంతకుమించి కారణం నాకూ కనిపించలేదు.

ఆవిడ స్కూలు యూనిఫారాలు కుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. చూడటానికి పిట్టంత ఉంటారు. గొంతు మాత్రం ఆ మనిషికి కుట్టింది కాదు, ఎవరో పెద్దమనిషిది పొరపాటున ఈవిడకి తొడిగారు. చర్చిలో పాటలప్పుడు మైకుని ఆవిడకి బారెడు దూరం జరుపుతారు. అయినా ఫాదర్‌గారు తగ్గించమని చెయ్యి ఊపుతూనే ఉంటారు.

రిహార్సల్‌కి వేళ పొద్దున్నే, కుళాయి నీళ్ళొచ్చే సమయం.

"అంత పొద్దున్నే ఎందుకమ్మా?" అని మొదట్లో అడిగాను.

"బిందెలతో అందరూ బయటే ఉంటారు కదయ్యా యేసుబాబూ. పిలవకుండానే జనం," అన్నారు.

మొట్టమొదట నేను చూసింది డేనియల్‌గారి రిహార్సల్. ఆయన ఆర్టీసీ డ్రైవరు. ప్రాణస్నేహితుడు ఆటో కొనుక్కుంటానంటే హామీ ఉంటానన్నారు. మేం వెళ్ళేసరికి గుమ్మంలో పళ్ళు తోముకుంటున్నారు. సంపూర్ణమ్మగారు స్కూటరు దిగి, కొంగు బిగించి, ఒక్క కేక వేశారు.

"ఇంట్లో ఉన్నారా, పారిపోయారా?"

డేనియల్‌గారి నోట్లోంచి బ్రష్షు జారింది.

"ఎదురుగానే ఉన్నాను కదండీ!"

"మీ ఫ్రెండు కిస్తీలు ఎగ్గొట్టాడు. సంతకం పెట్టారుగా, మీరు కట్టండి."

"సంతకం నేనింకా పెట్టలేదు కదమ్మా! ఆఫీసు తీశాక వచ్చి పెడతానన్నాను!"

"పెట్టారనుకోండి."

"సరే, అనుకున్నా."

"అనుకుంటే కట్టండి మరి!"

"నన్నడుగుతారేంటండీ, వాణ్ణడగండి."

"వాడు లేడు."

"ఎక్కడికి పోయాడు?"

"నన్నడుగుతారేంటండీ? ప్రాణస్నేహితుడు మీకు, నాకు కాదు."

బిందెలు నిండి పొర్లిపోతున్నాయి. ఒక్కరూ కుళాయి కట్టెయ్యలేదు. రిహార్సల్లో రెండో అంకం అప్పుడు మొదలవుతుంది. హామీదారు తన సాకులన్నీ అక్కడికక్కడే చెప్పెయ్యాలి. రేపటికి దాచుకోవడానికి వీల్లేదు.

"ఊరికే ఫార్మాలిటీ అన్నాడండీ."

"కాగితంలో ఉందా?"

"లేదండీ."

"తర్వాతది?"

"ముందు ఆటో అమ్మి, చాలకపోతేనే నా దగ్గరికొస్తారని చెప్పాడండీ."

"కాగితంలో ఉందా?"

"లేదండీ."

"తర్వాతది?"

"మా ఆవిడకి తెలియకుండా పెట్టానండీ."

"ఇప్పుడు తెలిసింది," అని లోపల్నుంచి ఇంకో గొంతు వినిపించింది.

డేనియల్‌గారు ఆఫీసుకి రాలేదు. స్నేహితుడు ఆయనతో మాట్లాడటం మానేశాడు. ఆ స్నేహితుడు ఇంకోచోట ఇంకెవరి సంతకంతోనో ఆటో కొని, ఆటోతో సహా మాయమయ్యాడని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి ప్రతి క్రిస్మస్‌కీ డేనియల్‌గారింటి నుంచి సంపూర్ణమ్మగారికి కేకు వస్తుంది. దాని మీద యేసుప్రభువు పేరు చిన్నగా, ఈవిడ పేరు పెద్దగా రాయిస్తారు.

మైలవరం దగ్గర మామిడితోట ఉన్న శౌరయ్యగారి రిహార్సల్ ఇంకో రకంగా నడిచింది. సంపూర్ణమ్మగారు రెండు మాటలు అనగానే ఆయన భార్య బయటికొచ్చి, "మీరు కాసేపు కూర్చోండమ్మా, అలిసిపోయారు," అని అరుగు చూపించి, మిగతా తిట్లు తను అందుకుంది. మా అప్పు సంగతి రెండు నిమిషాల్లో తేల్చేసి, పెళ్ళైన కొత్తలో ఆయన ఎవరికో ఇచ్చిన ఎడ్లబండి దగ్గర్నుంచి మొదలుపెట్టింది. మేం భోజనం చేసి బయల్దేరేసరికి ఇంకా ట్రాక్టరు దాకా కూడా రాలేదు.

ఇలా చేస్తే సంఘం నడుస్తుందా అని మా ప్రెసిడెంటుగారు తల పట్టుకునేవారు.

"మీ దెబ్బకి అప్పడిగేవాడే రావడం లేదమ్మా."

"తీర్చేవాడు వస్తున్నాడు కదండీ," అనేవారీవిడ.

ఒక విషయం నాకు అంతుబట్టేది కాదు. నిజంగానే కిస్తీ ఆగి, హామీదారు ఇంటికి వసూలుకి వెళ్ళిన రోజున నన్ను లోపలికి రానిచ్చేవారు కాదు. స్కూటరు సందు మొదట్లోనే ఆపించి ఒక్కరే నడిచి వెళ్ళేవారు. ఉత్తుత్తిదానికే అంత రాద్ధాంతం చేసే మనిషి నిజానికి ఏం చేస్తారో, ఆ ఇంట్లో సామాను మిగులుతుందో లేదో అని నేను సందు మొదట్లో నిలబడి దిగులుపడేవాణ్ణి.

మా పనిలో టాకా అని ఒకటుంది. గుడ్డ జరక్కుండా చేత్తో వదులుగా వేసే పెద్ద పెద్ద కుట్టు. మిషన్ కుట్టు పడ్డాక దాన్ని లాగి పారేస్తాం. నా దృష్టిలో నోటిమాట అలాంటిది. అవసరమే, కాని బరువు మొయ్యదు. టాకాల మీదే చొక్కా తొడుక్కుని ఊరేగే మనుషులు కొందరుంటారు. వాళ్ళలో మల్లేశ్వరరావుగారు మకుటంలేని మహారాజు.

వన్‌టౌన్‌లో ఆయనకి బట్టలషాపు. తాతలనాటి నుంచీ చేనేత వ్యాపారం. ఇల్లు భవానీపురంలో. నిలువెత్తు మనిషి, తెల్లని చొక్కా, తెల్లని కారు. మాటంటే ప్రాణం అంటారు. నిజమే, ఒకసారి మాట ఇచ్చారంటే ఇచ్చినట్టే. మళ్ళీ వెళ్ళి అడిగితే ఇంకోటి ఇస్తారు.

ఆయన బావమరిది ధనుంజయ్ రెడీమేడ్ షోరూము పెడతానని మా సంఘంలో ఆరు లక్షలు అడిగాడు. మా సంఘం పుట్టాక అంత అప్పు ఎవరికీ ఇవ్వలేదు. మల్లేశ్వరరావుగారు హామీ ఉంటున్నారనగానే మా ప్రెసిడెంటుగారికి ఊపిరాడలేదు.

"ఆయనకి కూడా రిహార్సలా? బాగుండదేమోనమ్మా," అన్నారు.

"పెద్ద గొంతుకి పెద్ద హాలు ఉండాలి కదండీ," అన్నారు సంపూర్ణమ్మగారు.

ప్రెసిడెంటుగారితో సహా మేం భవానీపురం వెళ్ళేసరికి ఇంటిముందు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. చుట్టుపక్కలవాళ్ళు స్నానాలు చేసి వచ్చి కూర్చున్నారు. లోపల పెసరట్లు పడుతున్న చప్పుడు. మల్లేశ్వరరావుగారు ఉత్తరీయం వేసుకుని గేటు దగ్గర ఎదురొచ్చారు.

"రండి రండి సంపూర్ణమ్మగారూ! మీ కోసమే చూస్తున్నాం. టిఫిను ముందా, తిట్లు ముందా?"

ఆవిడ జీవితంలో మొదటిసారి కాస్త తడబడ్డారు. అయినా కేక వేశారు. అడిగిన ప్రతిదానికీ మల్లేశ్వరరావుగారు నాటకాల ఫక్కీలో చెయ్యి పైకెత్తి జవాబు చెప్పారు. "అమ్మా! ఆ ద్రోహి నన్ను ముంచి పారిపోయినాడమ్మా!" అని గుండె మీద కొట్టుకుంటే కుర్చీల్లో చప్పట్లు. ఎవరో ఈల కూడా వేశారు.

చప్పట్లు కొట్టని మనిషి ఒక్కరే. కాఫీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో నిలబడిపోయిన ఆయన భార్య జ్యోతిర్మయి. వీధిలో అందరి ముందూ తమ్ముడి పేరు పక్కన దొంగ, ద్రోహి అని వినేసరికి పళ్ళెం పక్కకి ఒరిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంపూర్ణమ్మగారు అరుపు సగంలో ఆపి గబగబా వెళ్ళి పళ్ళెం అందుకున్నారు.

"ఏడవకమ్మాయ్. ఇదంతా ఉత్తుత్తిదే. మీ గుమ్మం ముందు ఇంకెప్పుడూ గొంతెత్తను. సరేనా?"

జ్యోతిర్మయి తల ఊపింది. మల్లేశ్వరరావుగారు మాకు పెసరట్టు, ఉప్మా పెట్టించారు. ఆఫీసుకొచ్చి సంతకం పెట్టారు. ధనుంజయ్‌కి డబ్బు అందింది.

షోరూము దసరాకి తెరుచుకుంది, ఉగాదికి మూతబడింది. ధనుంజయ్ ఫోను అంతకుముందే మూతబడింది. హైదరాబాదులో ఉన్నాడని కొందరు, బెంగుళూరని కొందరు చెప్పారు.

ఆ ఆరు లక్షల్లో ఎవరెవరి డబ్బుందో మాకు తెలుసు. చీరలకి ఫాల్స్ కుట్టే వెంకటరావమ్మ మా మెంబరు. కూతురు వినీలని నర్సింగు చదివించాలని ఏళ్ళ తరబడి మా దగ్గర దాచింది. పిల్లకి ఏలూరు కాలేజీలో సీటొచ్చింది. ఫీజు కట్టడానికి గడువు పెట్టారు. ఇద్దామంటే మా పెట్టె అడుగు కనిపిస్తోంది. వెంకటరావమ్మ రోజూ వచ్చి ఆఫీసు బల్ల మీద కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. అడిగితేనే నయం.

ఇంటికి రానని మాట ఇచ్చినట్టేనని సంపూర్ణమ్మగారి లెక్క. అందుకని వసూలుకి షాపుకి వెళ్ళాం. ఈసారి నన్నూ లోపలికి రమ్మన్నారు, ఆ షాపులో ఒంటరిగా నిలబడటం ఎందుకని కాబోలు. ఇవాళ చీరల బీరువాల అద్దాలు పగులుతాయని నేను సిద్ధపడే వెళ్ళాను. ఆవిడ మల్లేశ్వరరావుగారి దగ్గరికెళ్ళి, పక్కవాడికి కూడా వినబడనంత మెల్లగా అన్నారు.

"ధనుంజయ్ కిస్తీలు ఆగిపోయాయండి. కాగితం ప్రకారం మీరు కట్టాలి. ఒకేసారి కష్టమైతే ఎలా కడతారో కూర్చుని మాట్లాడుకుందాం."

మల్లేశ్వరరావుగారు ఆవిడ మొహంలోకి చూసి పకపకా నవ్వారు.

"మళ్ళీ రిహార్సలా! ఒరేయ్, అందరూ రండిరా! సోడాలు చెప్పండి! సంపూర్ణమ్మగారూ, ఇవాళ గొంతు లేవడం లేదేం? అప్పటి ఊపు రాలేదండీ."

"ఇది నిజమండి."

"నిజంలాగే చేశారు, భలే!"

నిజమేనని ఆయనకి నమ్మకం కుదరడానికి రెండు సోడాలు పట్టింది. కుదిరాక నవ్వు ఆగింది, కథ మొదలైంది.

"మీరే కదండీ ఇదంతా ఉత్తుత్తిదే అన్నారు?" అన్నారు ఆ రోజు షాపులో.

వారం తిరక్కుండా అదే కథ మా ప్రెసిడెంటుగారి దగ్గర "ఎలాంటి పరిస్థితుల్లోనూ మీ దాకా రామని అన్నారు" అయింది. ఆ తర్వాత వస్త్రవ్యాపారుల మీటింగులో "ముందు షోరూము సరుకు అమ్ముతాం, అప్పటికీ చాలకపోతే ధనుంజయ్ మోటారుసైకిలు అమ్ముతాం, మీ సంతకం కేవలం మా గౌరవం కోసం" అయింది. నోటి ఒప్పందంలో ఉన్న సుఖం అది. ఇడ్లీపిండిలా రాత్రికి రాత్రి పొంగుతుంది. చివరికి మా ప్రెసిడెంటుగారు ఆయన చేతిలో చెయ్యేసి ప్రమాణం చేశారన్నది కూడా చేరింది. ఆ రోజు ప్రెసిడెంటుగారి రెండు చేతుల్లోనూ పెసరట్టు పళ్ళెమే ఉంది, నేను చూశాను.

"దుర్గమ్మ కొండ మీద ప్రమాణం చేస్తాను!" అన్నారు మల్లేశ్వరరావుగారు ఫోనులో. "కావాలంటే మీ మేరీమాత కొండ మీదా చేస్తాను!"

"రెండు కొండలూ ఎక్కండి, ఆరోగ్యానికి మంచిది," అన్నారు సంపూర్ణమ్మగారు. "దిగాక కట్టండి."

వ్యవహారం సహకార శాఖ ఆఫీసుకి వెళ్ళింది. విచారణ అధికారి శ్రీదుర్గగారు. ఎక్కువ మాట్లాడని మనిషి. మల్లేశ్వరరావుగారు ఆ లోటు తీర్చారు. ఇంటిముందు కుర్చీల దగ్గర్నుంచి ఉప్మాలో వేసిన జీడిపప్పు దాకా వర్ణించి, చివర్న చూపుడువేలు సంపూర్ణమ్మగారి వైపు చాచారు.

"అందరి ముందూ అన్నారండీ! కాదనమనండి!"

శ్రీదుర్గగారు ఇటు తిరిగారు. "అన్నారా అమ్మా?"

"అన్నానండి," అన్నారీవిడ.

నేను కళ్ళు మూసుకున్నాను. వినీల నర్సింగు చదువు నా కళ్ళముందే మునిగిపోయింది. ఒక్క 'లేదండి' అంటే పోయేదేముంది?

"ఏమన్నారు?"

"ఉత్తుత్తిదే అన్నాను. ఆ పూట నేను వేసిన కేకల సంగతది. మీ గుమ్మం ముందు మళ్ళీ గొంతెత్తను అన్నాను. ఎత్తలేదు. ఆ అమ్మాయికిచ్చిన మాట అంతవరకే. ఈయనగారికి నేనేం చెప్పలేదండి. ఈయన పెసరట్ల హడావిడిలో ఉన్నారు."

శ్రీదుర్గగారు హామీపత్రం తిరగేశారు. "ఇందులో ఉన్నవే షరతులు, నోటితో వేరే ఒప్పందాలేమీ లేవు అని రాసి ఉందండీ. కింద మీ సంతకం ఉంది."

"కాగితం కాగితమేనండీ. కాని మనిషికి మనిషికి మధ్య మాటకి విలువ లేదా?" అన్నారు మల్లేశ్వరరావుగారు. గొంతు గద్గదమైంది. నాకే జాలేసింది.

సంపూర్ణమ్మగారు కుర్చీలో ముందుకి జరిగారు. "మల్లేశ్వరరావుగారూ, ఒక్క సంగతి. మా అమ్మాయి డయానా పెళ్ళికి మీ షాపులో పట్టుచీర కొన్నాం. ఇంటికెళ్ళాక నచ్చకపోతే మారుస్తామని మీ సేల్స్‌మేను చెప్పాడు. మర్నాడు పట్టుకొస్తే మీరు మార్చలేదు. ఎందుకనండీ?"

"ఎలా మారుస్తానండీ?" అన్నారాయన వెంటనే. వ్యాపారం మాట రాగానే గద్గదం ఎటో పోయింది. "కౌంటరు మీద బోర్డుంది కదా, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని! సేల్స్‌మెన్లు సవాలక్ష చెబుతారు. వాళ్ళ నోళ్ళకి నేను తాళం వెయ్యగలనా? రాసి ఉన్నదే లెక్క. అలా కాకపోతే పొద్దున అమ్మిన చీరలన్నీ సాయంత్రానికి షాపులోనే ఉంటాయి!"

ఆఖరిమాట బయటికొచ్చాక గాని తనేమన్నారో ఆయనకి వినబడలేదు.

శ్రీదుర్గగారు పెన్ను మూత తీశారు. "ఇదే రాసుకోమంటారా?"

వడ్డీతో సహా హామీదారు కట్టాలని, కట్టకపోతే ఆస్తి జప్తు చేయొచ్చని ఆర్డరు వచ్చింది. మెట్లు దిగుతూ నేను ఈల వేశాను. సంపూర్ణమ్మగారు మాత్రం చెరుకురసం బండి దగ్గర ఆగి, గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండా నిలబడ్డారు.

"ఏంటమ్మా, గెలిచాం కదా?"

"ఆ అమ్మాయి ఇవాళ అన్నం తిందో లేదో," అన్నారు.

ఆ అమ్మాయి మర్నాడే మా ఆఫీసుకొచ్చింది. కొంగు మూట విప్పి బల్ల మీద బంగారు గాజులు పెట్టింది.

"మా తమ్ముడు చేసినదానికి ఆయన్ని తలెత్తుకోలేకుండా చేశాను. ఇవి మా అమ్మ పెట్టినవి. జమ వేసుకోండమ్మా."

వెంకటరావమ్మ బల్ల మీదే కూర్చుని ఉంది. గాజుల వంక ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. అవి తీసుకుంటే ఆవిడ కూతురి ఫీజు ఆ పూటే వచ్చేస్తుంది. నేనైతే త్రాసు ఎక్కడుందా అని చూస్తున్నాను.

"హామీ సంతకం నువ్వు పెట్టావా?" అన్నారు సంపూర్ణమ్మగారు.

"లేదమ్మా, ఆయన."

"ఈ గాజులు కాగితంలో ఉన్నాయా?"

"లేవు."

"కాగితంలో లేనిది నేను తీసుకుంటే నన్ను తీసుకెళ్ళి శ్రీదుర్గగారి ముందు నిలబెట్టాలి. తొడుక్కో."

"మరి ఆయన దగ్గర అంత డబ్బు..."

"కారు లేదూ?"

"కారు అమ్మితే పరువు పోతుందంటారమ్మా."

"పెళ్ళాం గాజులమ్మితే పెరుగుతుందా? అడుగు. మెల్లగా అడక్కు, అర్థం కాదు."

జ్యోతిర్మయికి నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వింది. సంపూర్ణమ్మగారే గాజులు ఒక్కొక్కటీ ఆమె చేతికి ఎక్కించారు. కుళాయి దగ్గర వీధిని గడగడలాడించే గొంతు ఆ పూటంతా పక్క టేబులు దాటలేదు.

ఆమె వెళ్ళాక ఉండబట్టలేక అడిగేశాను. "వసూలుకెళ్ళిన ఇళ్ళన్నింట్లోనూ ఇంతేనా మీరు? ఇలాగే గుసగుసలాడి వస్తారా?"

"మరేం చేస్తాననుకున్నావు?"

"అరుస్తారనుకున్నా. రిహార్సల్లోనే అంత అరిచేవారు..."

"ముందు అరిస్తే పారిపోడానికి దారి ఉంటుందయ్యా. సంతకం పెట్టడం మానుకుంటాడు, బతికిపోతాడు. మునిగాక అరిస్తే ఎటు పోతాడు? ఆ ఇంట్లో అప్పటికే పొయ్యి వెలిగి ఉండదు. నేను వెళ్ళి మజ్జిగ అడుగుతాను. మజ్జిగ కలపడానికైనా వంటింట్లోకి వెళతారు. అక్కడ మొదలెడతాం."

ఇన్నేళ్ళూ సందు మొదట్లో నేను ఎవరి సామాను గురించి దిగులుపడ్డానో నాకే తెలియలేదు.

మల్లేశ్వరరావుగారు ఎలా అడిగించుకున్నారో మరి, ఫీజు గడువు ఆఖరి రోజు పొద్దున తెల్లకారు మా ఆఫీసు ముందు ఆగింది. ఆర్డరు సంగతి వీధికి తెలుసు. ఇస్త్రీబండివాడు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాడు. మేడల మీద ఆడవాళ్ళు చేరారు. ఆయన లోపలికొచ్చి, బ్యాంకు డ్రాఫ్టులు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"కానివ్వండి," అన్నారు.

"ఏం కానివ్వాలండీ?"

"తిట్టండి. జనం వచ్చేశారుగా."

"కూర్చోండి. రసీదు రాస్తాను. మజ్జిగ తాగుతారా?"

తిట్లయితే ఆయన తట్టుకునేవారు. మజ్జిగకి సిద్ధపడి రాలేదు. కుర్చీ అంచున కూర్చుని గ్లాసు అందుకున్నారు.

"కారు అమ్మేశారా?"

"అమ్మేశానండీ. సాయంత్రం వచ్చి పట్టుకెళతారు."

"సాయంత్రం దాకా మీదేగా?"

"నాదే. ఏం?"

సంపూర్ణమ్మగారు వెంకటరావమ్మకి చెక్కు రాసిచ్చి, వినీలని ముందుకి పిలిచారు. "ఈ పిల్లకి ఏలూరులో ఫీజు కట్టాలి. ఇవాళే ఆఖరు. బ్యాంకుకెళ్ళి, బస్సు పట్టుకుని చేరేసరికి కౌంటరు కట్టేస్తారు. మీరు కాస్త దింపి రావాలి. మీలాంటి పెద్దమనిషి పక్కనుంటే కాలేజీవాళ్ళు కూడా కుర్చీ వేస్తారు."

మల్లేశ్వరరావుగారు కిటికీలోంచి వీధి వంక చూశారు. ఇస్త్రీబండివాడు, మేడల మీద ఆడవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఆయన లేచి చొక్కా సర్దుకున్నారు. బయటికొచ్చి వెనక తలుపు తనే తీసి పట్టుకుని, వీధికంతటికీ వినబడేలా అన్నారు.

"ఎక్కమ్మా! చదువుకునే పిల్ల, ముందు ఆ పని చూద్దాం!"

మేడల మీదివాళ్ళ మొహాలు మారాయి. ఎవరో "దొడ్డమనిషి" అన్నారు కూడా. సంపూర్ణమ్మగారు గుమ్మంలోంచి నన్ను తోశారు. "నువ్వూ వెళ్ళు. కౌంటరు కట్టేశామంటే ఈయన ఉపన్యాసం మొదలెడతారు. నువ్వు లోపలికి దూరు."

అంత పని పడలేదు. వేళకే చేరాం, ఫీజు కట్టేశాం. దారిపొడవునా మల్లేశ్వరరావుగారు మాటల్లో పడి మళ్ళీ మనిషయ్యారు. హనుమాన్ జంక్షన్ దగ్గర టీ తాగేసరికి వినీలకి యూనిఫారం గుడ్డ తన షాపు నుంచే అన్నారు. ఏలూరు పొలిమేరకి వచ్చేసరికి ఉద్యోగం కూడా ఇప్పించేశారు. కాలేజీ గేటు దగ్గర తిరుగు ప్రయాణానికి కారెక్కబోతూ పిల్ల తల మీద చెయ్యి పెట్టారు.

"చదువయ్యేదాకా నీ పుస్తకాల ఖర్చంతా నాదమ్మా. మల్లేశ్వరరావు మాటంటే మాటే!"

వినీల బ్యాగు తెరిచి పెన్ను, కొత్త నోటుబుక్కు తీసింది.

"రాసిస్తారా అంకుల్?"

మాతోపాటు వచ్చిన వెంకటరావమ్మ కూతురి చెయ్యి గిల్లింది. నేను గేటు మీద కాలేజీ పేరు చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను. మల్లేశ్వరరావుగారు ఎర్రబడ్డారు, నా వంక చూశారు, ఆకాశం వంక చూశారు. తర్వాత నోటుబుక్కు అందుకుని కారు బానెట్టు మీద పెట్టుకుని గుండ్రని అక్షరాలతో మూడు లైన్లు రాశారు. సంతకం పెట్టబోయి ఆగారు.

జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వేలితో ఒక్కొక్క మాటా తడుముకుంటూ, రాసిందంతా మొదట్నుంచీ చదువుకున్నారు.